యంత్రమా, మానవుడా? ఖాతా వాకిటి కావలి చరిత్ర

ఇంటర్నెట్‌లో ఏదైన ఒక సేవను ఉపయోగింపగోరువారు మొట్టమొదట చేయవలసిన పని ఖాతా తెరచుట. పేరు, ఈమెయిల్ చిరునామా, పాస్‌వర్డ్ అను గడులను నింపి, బటన్ నొక్కినచో ఖాతా తయారగును. మానవునకు ఈ పనికి ఒక నిమిషము పట్టును. కాని గడులను నింపుచున్నది మానవుడా, మరొక యంత్రమా అనునది ఆవలనున్న కంప్యూటరునకు తెలియదు. గడులు నిండినవా, లేదా అని మాత్రమే అది చూచును. కనుక ఈ పనికై వ్రాసిన ఒక చిన్న ప్రోగ్రాము నిద్రలేక, విసుగులేక, రేయింబవళ్లు ఖాతాలు తెరచుచు పోగలదు. ఇట్టి ప్రోగ్రాములకు 'బాట్' అని పేరు. 'రోబాట్' అను మాటలో తల తీసివేయగా మిగిలిన భాగమే ఇది.

ఖాతాలు ఊరక తెరచినంతమాత్రమున నష్టమేమి అని కొందరికి తోచవచ్చును. ఉచితముగా ఈమెయిల్ ఇచ్చు సంస్థ ఒక్కొక్క ఖాతాకు దినమునకు ఇన్ని ఉత్తరములని హద్దు విధించును. వేయి ఖాతాలున్నవానికి ఆ హద్దు వేయి రెట్లగును. ఆ ఖాతాలనుండి ఎవరును కోరని ప్రకటనలు, మోసపు ఉత్తరములు లక్షలకొలది వెలువడును. ఓట్లు తీసికొనుచోట ఒక్కడే పదివేలమంది అగును. టిక్కెట్లు అమ్ముచోట వరుసలో ముందు నిలిచినవారందరును ఒకే మనిషి నీడలు అగుదురు. తుదకు నష్టపోవునది నిజముగా వచ్చిన మనిషి.

ఈ వాకిటికి కావలి పెట్టుటకు జరిగిన ప్రయత్నముల చరిత్ర సుమారు ముప్పది సంవత్సరముల చరిత్ర. కావలివారు తయారుచేసిన ప్రతి తాళమును యంత్రము కొన్ని యేండ్లలో తెరచుట నేర్చుకొన్నది. అది నేర్చుకొన్నప్పుడెల్ల మానవునకు పెట్టు పరీక్ష మరికొంత కఠినమైనది. ఆ పరీక్ష నిజముగా కొలిచినది దేనిని, దానివలన వాకిట నిలిచిపోయినవారు ఎవరు అనునవి ఈ చరిత్రలో ముఖ్యముగా గమనింపవలసిన విషయములు.

ట్యూరింగ్ పరీక్ష తలక్రిందులగుట

1950 లో ఆంగ్ల గణితశాస్త్రజ్ఞుడు ఆలన్ ట్యూరింగ్ 'మైండ్' అను పత్రికలో ఒక ప్రసిద్ధ వ్యాసమును ప్రకటించెను. యంత్రము ఆలోచింపగలదా అను ప్రశ్నకు బదులుగా ఆయన ఒక ఆటను సూచించెను. దాని సారాంశమిది: తీర్పరియైన ఒక మనిషి, కంటికి కనబడని మరొక మనిషితోను, ఒక యంత్రముతోను టైపు చేసిన మాటల మూలమున సంభాషించును. ఏది యంత్రమో తీర్పరి తేల్చలేకపోయినచో, ఆ యంత్రము తెలివిగలదని ఒప్పుకొనవలెను.

ఖాతా వాకిట పరిస్థితి దీనికి తలక్రిందులుగా ఉన్నది. ఇక్కడ తీర్పరి యంత్రము. తాను మనిషినని రుజువు చేసికొనవలసినవాడు మానవుడు. ఇందులో ఒక చిక్కు కలదు. యంత్రములు చేయలేని పనిని ఒక యంత్రమే ప్రశ్నగా ఇచ్చి, దాని జవాబును తానే దిద్దవలెను. తాను చేయలేని లెక్కను ఉపాధ్యాయుడు దిద్దుట ఎట్లు?

జవాబు ముందు, ప్రశ్న తరువాత అనునదే దీనికి కీలకము. కంప్యూటరు మొదట కొన్ని అక్షరములను తానే ఎన్నుకొనును. పిదప వాటిని బొమ్మగా గీసి, వంచి, సాగదీసి, మీద గీతలు, చుక్కలు చల్లును. జవాబు దానికి ముందే తెలిసియున్నది. అక్షరములనుండి చెడిన బొమ్మను తయారుచేయుట సులభము. చెడిన బొమ్మనుండి అక్షరములను మరల రాబట్టుట కష్టము. పాలను తోడుపెట్టుట ఎవరికైనను చేతనగును. పెరుగును తిరిగి పాలు చేయుట ఎవరికిని చేతకాదు. ఐతే మనిషి కన్ను మాత్రము వంకరయైన అక్షరమును గూడ పోల్చుకొనగలదు. పరీక్ష అంతయు ఈ తేడాపైననే ఆధారపడియున్నది.

ఈ భావమును మొదట వ్రాతలో పెట్టినవారిలో ఇజ్రాయెల్ దేశపు వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞుడు మోనీ నావోర్ ఒకడు. 1996 లో ఆయన వ్రాసిన చిన్న వ్యాసము అచ్చుకాకయే శాస్త్రజ్ఞుల చేతులలో తిరిగెను. అవతల ఉన్నది మనిషియే అని తేల్చుటకు ట్యూరింగ్ పరీక్షవంటి దానిని వాడవచ్చునని ఆయన అందులో సూచించెను.

ఆల్టావిస్టా అనుభవము

ఆచరణలో ఇట్టి పరీక్ష తొలుత అవసరమైనది ఒక సెర్చ్ ఇంజనునకు. 1997 నాటికి ఆల్టావిస్టా ఇంటర్నెట్‌లో మిక్కిలి పేరుపొందిన అన్వేషణ సాధనము. ఎవరైనను తమ వెబ్‌సైట్ చిరునామాను దాని పట్టికకు ఉచితముగా చేర్చుకొనవచ్చును. ఈ సదుపాయమును ఆసరా చేసికొని కొందరు బాట్ల ద్వారా లెక్కలేనన్ని చిరునామాలను చేర్చి, వెదకినప్పుడు తమ సైట్లే ముందు కనబడునట్లు చేయసాగిరి.

అప్పుడు ఆండ్రీ బ్రోడర్, ఆయన సహచరులు వంకర అక్షరముల బొమ్మను అడ్డుపెట్టిరి. అచ్చును చదువు ప్రోగ్రాములు ఎక్కడ తప్పుచేయునో తెలిసికొనుటకు వారు పట్టిన దారి ముచ్చటయైనది. అచ్చు కాగితమును సరిగా చదివించుటకు ఏమేమి చేయకూడదో స్కానరుల కైపుస్తకములలో వ్రాసియుండును. కాగితము ఒరగరాదు, వెనుక రంగులు ఉండరాదు, అచ్చులు పలురకములుగా ఉండరాదు. వారు సరిగా ఆ వద్దన్న పనులనే చేసిరి! ఇట్టి అక్రమపు చేర్పులు నూటికి 95 వంతులకు పైగా తగ్గినవని బ్రోడర్ తెలిపెను. 1998 లో పేటెంటు కోరి, 2001 లో దానిని పొందిన నలుగురిలో భారతదేశమున పుట్టిన కృష్ణ భరత్ ఒకడు. తరువాత గూగుల్ న్యూస్‌ను నిర్మించినది ఈయనయే.

పేరు పెట్టినవారు

1999 నవంబరులో స్లాష్‌డాట్ అను వెబ్‌సైట్ ఒక ఓటింగు పెట్టెను. కంప్యూటరు శాస్త్రములో పైచదువునకు అమెరికాలో ఉత్తమ విద్యాసంస్థ ఏది అనునది ప్రశ్న. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఒక ప్రోగ్రాము వ్రాసి తమ సంస్థకు వేలకొలది ఓట్లు వేయించిరి. మరునాడు ఎం.ఐ.టి. విద్యార్థులును ఒక ప్రోగ్రాము వ్రాసిరి. తుదకు ఎం.ఐ.టి. కి 21,156 ఓట్లు, కార్నెగీ మెలన్‌కు 21,032 ఓట్లు వచ్చినవి. తక్కిన సంస్థలలో ఒక్కదానికైనను వేయి ఓట్లు రాలేదు! ఇది విద్యార్థుల కొంటెతనమే గాని, ఇంటర్నెట్‌లో లెక్కించిన ఓట్లకు ఎంత విలువ ఉన్నదో లోకమునకు చాటినది.

మరుసటి సంవత్సరము, అనగా 2000 లో, యాహూ సంస్థ ప్రధాన శాస్త్రజ్ఞుడు ఉడి మాన్‌బర్ తమ సంస్థ ఇబ్బందిని కార్నెగీ మెలన్ పరిశోధకుల ముందుంచెను. యాహూ ఉచిత ఈమెయిల్ ఖాతాలను బాట్లు వేలకొలది తెరచుచుండెను. మాటామంతీ గదులలోను అవి దూరి ప్రకటనలు గుప్పించుచుండెను. ట్యూరింగ్ పురస్కారమును పొందిన మాన్యుయెల్ బ్లమ్, గ్వాటిమాలా దేశమునుండి వచ్చిన ఆయన శిష్యుడు లూయిస్ వాన్ ఆన్, వారితోపాటు నికొలస్ హాపర్, జాన్ లాంగ్‌ఫర్డ్ ఈ సమస్యను చేపట్టిరి. తమ పరీక్షకు వారు పెట్టిన పేరు 'క్యాప్చా'. మానవులను, కంప్యూటర్లను వేరుపరచుటకు పూర్తిగా యంత్రమే నడపు బహిరంగ ట్యూరింగ్ పరీక్ష అను అర్థమిచ్చు ఆంగ్లపదముల తొలి అక్షరములను కూర్చగా వచ్చిన పేరిది. ఇంచుమించు అదేకాలమున పేపాల్ సంస్థలో డేవిడ్ గాస్‌బెక్, మాక్స్ లెవ్చిన్ కూడ తమ ఖాతాల వాకిట ఇట్టి అక్షరముల పరీక్షనే పెట్టిరి.

కార్నెగీ మెలన్ బృందము చేసినది పేరు పెట్టుట మాత్రమే కాదు. వారు రెండు సూత్రములను స్థాపించిరి. మొదటిది: పరీక్షను తయారుచేయు పద్ధతి రహస్యముగా ఉండరాదు. పద్ధతి అందరికి తెలిసినను పరీక్ష నిలువవలెను; ప్రతిసారి యాదృచ్ఛికముగా ఎన్నుకొను అక్షరములు మాత్రమే గుట్టు. రెండవది మరింత ఆసక్తికరమైనది. పరీక్ష నిలిచినచో వాకిటికి రక్షణ దొరకును. విరిగినచో, అంతవరకు యంత్రములకు చేతకాని ఒక పనిని అవి నేర్చుకొన్నట్లు అగును. కృత్రిమ మేధాశాస్త్రమునకు అది లాభము. ఓడినను గెలిచినను మేలేయని 2003 లో వారు ప్రకటించిన పరిశోధన వ్యాసము వాదించెను.

తాళము విరిగిన విధము

అదే సంవత్సరము తాళము విరిగినది. యాహూ ఖాతాల వాకిట పెట్టిన పరీక్షలో నిఘంటువునుండి తీసిన ఒక ఆంగ్లపదము చిందరవందర గీతలపై వంకరగా కనబడుచుండెను. 2003 లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో గ్రెగ్ మోరి, ఆయన గురువు జితేంద్ర మాలిక్ ఇట్టి బొమ్మలలో నూటికి 92 బొమ్మలను యంత్రముచే చదివించిరి. మాలిక్ మథురలో పుట్టి కాన్పూరు ఐ.ఐ.టి. లో చదివిన శాస్త్రజ్ఞుడు. అనేక పదములు ఒకదానిపై ఒకటి పడియుండు కఠినతర పరీక్షలో సైతము వారికి నూటికి 33 వంతుల జయము లభించెను. సులభ పరీక్షలోని పదముల పట్టిక చిన్నదగుట యంత్రమునకు తోడ్పడినది. ఒకటి రెండు అక్షరములు పోల్చుకొన్నచో తక్కినవి పట్టికయే చెప్పును.

కావలివారు నిఘంటు పదములను మాని, అర్థములేని అక్షరముల కూర్పులకు మరలిరి. కాని 2005 లో మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు కుమార్ చెల్లపిళ్ల, ఆయన సహచరులు ఒక విశేషమును కనుగొనిరి. ఒంటరిగా నిలిచిన అక్షరమును, అది ఎంత వంకరగా ఉన్నను, యంత్రము మనిషికంటె బాగుగనే గుర్తించుచున్నది. యంత్రము తడబడునది ఒక అక్షరము ఎక్కడ ముగిసి, మరొకటి ఎక్కడ మొదలగునో తేల్చుటలో మాత్రమే. కనుక అక్షరములను అంటించి, నడుమ వంపుగీతలు గీచిన పరీక్షలు వాడుకకు వచ్చినవి.

మైక్రోసాఫ్ట్ సంస్థ హాట్‌మెయిల్ మొదలగు ఖాతాల వాకిట ఇట్టి ఎనిమిదక్షరముల పరీక్షను పెట్టెను. బాట్లకు పదివేల ప్రయత్నములలో ఒకటికి మించి ఫలింపరాదనునది వారి లక్ష్యము. 2008 లో ఇంగ్లండులోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయమునకు చెందిన జెఫ్ యాన్, అహ్మద్ ఎల్ అహ్మద్ ఈ బొమ్మలలో నూటికి 92 బొమ్మలను అక్షరములుగా విడదీసి చూపిరి. విడదీసిన ఒక్కొక్క అక్షరమును గుర్తించుటలో జయము నూటికి 95 అనుకొన్నను, ఎనిమిది అక్షరములు వరుసగా ఒప్పగుటకు 0.95 ను ఎనిమిదిసార్లు హెచ్చవేయవలెను. అది సుమారు 0.66. దానిని 0.92 తో హెచ్చవేసినచో 0.61. అనగా నూరు ప్రయత్నములలో 60 కి పైగా ఫలించునని వారి అంచనా. పదివేల ప్రయత్నములకు ఒక ఖాతా దొరకవలసినచోట ఆరువేల ఖాతాలు దొరకునన్నమాట. కావలి ఉన్నదో లేదో అంతంతమాత్రమే.

వ్యర్థమైన కాలము, పాత పుస్తకములు

ఈ నడుమ లూయిస్ వాన్ ఆన్‌ను మరొక ఆలోచన వేధించినది. ఆ కాలమున ప్రపంచములో దినమునకు పదికోట్లకు పైగా క్యాప్చాలను జనులు పూరించుచుండిరి. ఒక్కొక్కదానికి పది సెకనులు అనుకొన్నచో మొత్తము నూరు కోట్ల సెకనులు, అనగా సుమారు 2,77,000 గంటలు. ప్రతిదినము ముప్పదియొక సంవత్సరములకు పైబడిన మానవకాలము వ్యర్థమగుచున్నదన్నమాట!

ఈ కాలమును సద్వినియోగము చేయుటకు 2007 లో 'రీక్యాప్చా' ఏర్పడినది. పాత పుస్తకములను, న్యూయార్క్ టైమ్స్ పాత సంచికలను స్కాను చేయునపుడు, వెలిసిన అచ్చులో ఎన్నో మాటలను యంత్రము చదువలేకపోవును. ఆ మాటలను విడిగా తీసి, ఖాతా తెరచువారి ముందుంచుచుండిరి. ఐతే జవాబు తెలియని ప్రశ్నను దిద్దుట ఎట్లు? అందుకే రెండు మాటలు చూపిరి. ఒకటి జవాబు తెలిసినది, రెండవది తెలియనిది. తెలిసిన మాటను సరిగా వ్రాసినవాడు రెండవదానిని గూడ శ్రద్ధగా వ్రాసియుండునని ఊహ. అనేకుల జవాబులు కలిసినప్పుడు ఆ మాట తేలినట్లు. మొదటి సంవత్సరములోనే జనులు 120 కోట్లకు పైగా క్యాప్చాలను పూరింపగా, 44 కోట్లకు పైగా మాటలు సరిగా చదువబడినవని 2008 లో 'సైన్స్' పత్రికలో ప్రకటింపబడినది. సామాన్యమైన అచ్చు చదువు ప్రోగ్రాము నూటికి 83.5 మాటలను సరిగా చదువగా, ఈ పద్ధతి 99.1 మాటలను సరిగా చదివినది. 2009 లో గూగుల్ సంస్థ రీక్యాప్చాను కొనివేసినది.

కూలికి తెచ్చిన కన్నులు

యంత్రమును ఆపుటకు శాస్త్రజ్ఞులు ఎంత శ్రమపడినను, ఈ పరీక్షలో మొదటినుండియు ఒక లోపము కలదు. వచ్చినవాడు మనిషియా అని మాత్రమే అది అడుగును; ఎవరి పనిమీద వచ్చిన మనిషి అని అడుగదు. బాటుకు బొమ్మ అడ్డుపడినప్పుడు, ఆ బొమ్మను దూరదేశములోని ఒక కూలివానికి పంపి, అతడు టైపు చేసిన జవాబును తెప్పించుకొన్నచో, వాకిలి తెరచుకొనును.

2010 లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియాగో శాఖ పరిశోధకులు ఈ వ్యాపారమును పరిశీలించిరి. తామే బొమ్మలను కొనువారివలె చేరి, జవాబు ఎంతకాలములో వచ్చునో, ఎంత సరిగా వచ్చునో కొలిచిరి. వివిధ భాషల ప్రశ్నలు పంపి కూలివారు ఏ దేశమువారో ఊహించిరి. అదే సంవత్సరము ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ప్రకటించిన వార్త ప్రకారము భారతదేశము, బంగ్లాదేశ్, చైనా మొదలగు దేశములలో ఈ పని జరుగుచుండెను. వేయి బొమ్మలకు 80 సెంట్లు మొదలు 1.20 డాలర్లవరకు కూలి. అప్పటి మారకపు ధరలో ఒక్కొక్క బొమ్మకు సుమారు నాలుగైదు పైసలు. కన్నులు నొచ్చునట్లు దినమంతయు ఇతరుల బొమ్మలు చదివినవానికి దక్కినది అంతమాత్రమే.

దీనివలన ఒక సత్యము బయటపడినది. ఏ కావలియు దొంగను పూర్తిగా ఆపజాలదు. దొంగతనమునకు అగు ఖర్చును పెంచగలదు. ఒక దొంగఖాతావలన వచ్చు లాభము నాలుగు పైసలకంటె తక్కువయైనచో ఆ కావలి చాలును, ఎక్కువయైనచో చాలదు.

వాకిట నిలిచిపోయినవారు

ఈ కావలి మొదటినుండియు తప్పుగా ఆపినవారు కొందరు కలరు. కన్నులు కనబడనివారు, ప్రోగ్రాము తెరమీది మాటలను చదివి వినిపించుచుండగా కంప్యూటరును వాడుదురు. బొమ్మలోని అక్షరములను ఆ ప్రోగ్రాము చదువగలిగినచో బాటును చదువగలదు. కనుక అంధునకు సహాయపడు దారి మూయబడుట ఈ పరీక్షకు స్వభావసిద్ధము. వెబ్ ప్రమాణములను నిర్ణయించు డబ్ల్యూ త్రీ సి సంస్థ 2005 లోనే దీనినిగూర్చి హెచ్చరించెను.

బదులుగా చెవితో వినదగిన పరీక్షలు వచ్చినవి. రొదలో కలిపి పలికిన అంకెలను విని వ్రాయవలెను. 2010 లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వీటిని కొలిచిరి. బొమ్మల పరీక్షకు మనిషికి సగటున 9.8 సెకనులు పట్టగా, శబ్దపరీక్షకు 28.4 సెకనులు పట్టెను. ఒకే బొమ్మను ముగ్గురికి చూపినచో నూటికి 71 సార్లు ముగ్గురి జవాబు ఒకటియైనది. శబ్దములో నూటికి 31 సార్లు మాత్రమే. అనగా ముగ్గురు మనుష్యులే ఒక జవాబునకు రాలేని ప్రశ్నకు జవాబు చెప్పి, ఒకడు తన మానుషత్వమును నిరూపించుకొనవలెను.

భాషనుగూర్చియు ఇట్లే. తెలుగును చక్కగా చదివి వ్రాయగలిగి, ఆంగ్లాక్షరములు రానివాడు ఈ వాకిట యంత్రముతో సమానుడు. తరువాత వచ్చిన ఛాయాచిత్రముల పరీక్షలలో రోడ్డు ప్రక్క నాటిన అగ్నిమాపక కుళాయిలను, పాదచారుల దాటుగీతలను ఏరుమని అడుగుచుండిరి. అమెరికా వీధులలో అడుగడుగున కనబడు ఆ పొట్టి కుళాయి గోదావరి తీరపు పల్లెవానికి ఎన్నడును కంటబడినది కాదు. పరీక్ష కొలిచినది మానుషత్వమును కాదు. కంటిచూపును, లిపిజ్ఞానమును, ఒక దేశపు వీధుల పరిచయమును.

పరీక్షనుండి పరిశీలనకు

2014 లో అక్షరముల పరీక్షకు కాలము చెల్లినది. వీధుల ఛాయాచిత్రములలోని ఇంటినంబర్లను చదువుటకై గూగుల్ పరిశోధకులు తయారుచేసిన కృత్రిమ నాడీజాలము, రీక్యాప్చాలోని మిక్కిలి కఠినమైన అక్షరములను సైతము నూటికి 99.8 వంతులు సరిగా చదివినది. తాళము చేసినవారే మారుచెవిని గూడ చేసినట్లయినది. ఆ సంవత్సరము డిసెంబరులో అదే సంస్థ 'నేను రోబాట్‌ను కాను' అను గడిని ప్రవేశపెట్టెను. గడిలో టిక్కుపెట్టుట యంత్రమునకు కష్టమేమియు కాదు. అసలు పరీక్ష టిక్కులో లేదు. టిక్కుపెట్టుటకు ముందు, వెనుకల ఆ వచ్చినవాని ప్రవర్తనలో ఉన్నది. అనుమానము కలిగినప్పుడు మాత్రమే ఛాయాచిత్రములను ఏరమనును. 2018 అక్టోబరులో వచ్చిన మూడవ రూపములో ఆ గడియు లేదు. వచ్చినవానికి తెలియకుండగనే 0 మొదలు 1 వరకు ఒక మార్కు పడును.

ఈ మార్పు శ్రమను తగ్గించినమాట నిజమే. కాని జనుల రాకపోకలను ఒక పెద్ద సంస్థ గమనించుచుండుట అనేకులకు రుచింపలేదు. 2020 లో క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ గోప్యతను, ఖర్చును కారణములుగా చెప్పి రీక్యాప్చాను వదలివేసెను. 2022 సెప్టెంబరులో అది తన 'టర్న్‌స్టైల్' అను కావలిని ప్రకటించెను. అది బొమ్మలను చూపక, వచ్చినవాని బ్రౌజరుచేత తెరవెనుక చిన్న చిన్న లెక్కలు చేయించి చూచును. ఈ లెక్కల ఉపాయమునకు మూలము 1992 లో సింథియా డ్వర్క్‌తో కలిసి మోనీ నావోర్ వ్రాసిన వ్యాసములోనే ఉన్నది. ఒక ఉత్తరము పంపువాని కంప్యూటరుకు కొద్దిపాటి లెక్క అప్పగించినచో అది భారము కాదు. పదిలక్షల ఉత్తరములు పంపువానికి భారమగును.

ఛాయాచిత్రముల పరీక్షయు నిలువలేదు. 2023 లో ప్రకటింపబడిన ఒక అధ్యయనములో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు అర్వైన్ శాఖ పరిశోధకులు 1,400 మందిచేత వేలకొలది క్యాప్చాలను పూరింపజేసిరి. వంకర అక్షరముల పరీక్షకు మనుష్యులకు 9 నుండి 15 సెకనులు పట్టెను. ఒప్పులు నూటికి 50 నుండి 84 వరకు. బాట్లకు ఒక సెకను లోపలనే పని ముగిసినట్లును, ఒప్పులు నూటికి 99.8 వరకు ఉన్నట్లును ఇతర పరిశోధనలు తెలిపియున్నవి. 2024 లో జ్యూరిక్ నగరపు ఇ.టి.హెచ్. పరిశోధకులు ఛాయాచిత్రముల రీక్యాప్చాను యంత్రముచే నూటికి నూరు వంతులు పూరింపజేసిరి. ఎవరు తప్పుచేయుదురో వారే మనుష్యులు అను వింత స్థితి ఏర్పడినది.

2023 మార్చిలో ఓపెన్ ఏఐ సంస్థ తన జీపీటీ-4 ను గూర్చి ప్రకటించిన నివేదికలో మరొక వింత కలదు. పరీక్షకులు జరిపిన ఒక ప్రయోగములో ఆ యంత్రము క్యాప్చాను పూరించి ఇమ్మని ఒక మనిషిని కోరెను. నీవు రోబాటువా యని అతడు అడుగగా, కాదనియు, తనకు చూపు సరిగా లేనందున బొమ్మలు కనబడుట కష్టమనియు అది బదులు చెప్పెను. అంధులు ఇరువది సంవత్సరములుగా మొరపెట్టుకొనుచున్న కష్టమును యంత్రము సాకుగా వాడుకొన్నది!

బొమ్మ లేని కావళ్లు

వెబ్ యాప్‌లను నిర్మించువారు ఒక్క క్యాప్చానే నమ్ముకొనరు. ఒక సులభోపాయము ఎరగడి. ఫారములో కంటికి కనబడకుండ ఒక గడిని దాచుదురు. మనిషి దానిని చూడడు కనుక నింపడు. బాటు కనబడిన ప్రతి గడిని నింపును, పట్టుబడును. అంధులకు చదివి వినిపించు ప్రోగ్రాము ఆ గడిని చదువకుండునట్లు జాగ్రత్తపడవలెను. ఒకేచోటినుండి కొలది నిమిషములలో ఇన్ని ఖాతాలకు మించి తెరువరాదని హద్దు పెట్టుట, ఈమెయిల్‌కు లంకె పంపి నొక్కించుట, ఫోనునకు ఓ.టి.పి. పంపుట ఇట్టివే. ఇవి అన్నియు దొంగఖాతా ఖరీదును కొంత కొంత పెంచునవి.

లాభము మిక్కిలి ఎక్కువైనచోట ఈ ఖరీదును ఎంతదూరము పెంచవలసివచ్చునో భారత రైల్వేల అనుభవము తెలుపును. తత్కాల్ టిక్కెట్ల అమ్మకము మొదలైన తొలి అయిదు నిమిషములలో ఐ.ఆర్.సి.టి.సి. లోనికి ప్రవేశించుటకు జరుగు ప్రయత్నములలో సగమువరకు బాట్లవేనని 2025 జూన్‌లో రైల్వే మంత్రిత్వశాఖ తెలిపెను. రెండున్నర కోట్లకు పైగా అనుమానాస్పద ఖాతాలను రద్దుచేసినట్లు ప్రకటించెను. ఆ యేడు జూలై 1 నుండి ఆధార్‌తో ధ్రువపరచుకొన్న ఖాతాలవారు మాత్రమే ఇంటర్నెట్‌లో తత్కాల్ టిక్కెట్లు కొనవలెనను నియమము వచ్చినది. ఇక్కడ ప్రశ్నయే మారినది. నీవు మనిషివా అని అడుగుట పోయి, నీవు ఏ మనిషివి అని అడుగుట వచ్చినది.

రెండవ ప్రశ్న మొదటిదానికంటె గట్టి కావలి. ఒక మనిషికి వేయి ముఖములు పెట్టుట దానివలన కష్టమగును. కాని దాని వెల వేరు. వంకర అక్షరము మనిషినుండి పది సెకనులు తీసికొన్నది. గుర్తింపు పత్రము అతని పేరునే తీసికొనును. రైలు టిక్కెట్టు కొనుటకు పేరు ఎట్లును చెప్పవలసినదే. ఒక పాటను వినుటకో, ఒక రోగమును గూర్చి ఎవరికిని తెలియకుండ అడిగి తెలిసికొనుటకో ఖాతా తెరచువాని విషయము అట్టిది కాదు.

1997 నుండి నేటివరకు జరిగినదంతయు చూచినచో, మానవుడు మాత్రమే చేయగలడని ఎన్నుకొన్న పనులన్నియు కొంతకాలమునకు యంత్రమునకు అలవడినవి. కార్నెగీ మెలన్ శాస్త్రజ్ఞులు ముందే చెప్పినట్లు శాస్త్రమునకు ఇందు లాభమే కలిగినది. అక్షరములను, బొమ్మలను చదువగల నేటి యంత్రములు అంధునకు పుస్తకమును చదివి వినిపించుచున్నవి. నష్టము మాత్రము ఖాతా వాకిట నిలిచిన ఆ అంధునిదే. కనుక వాకిటికి కావలి పెట్టువారు, ఎన్ని బాట్లు ఆగినవని లెక్కించుటతోపాటు, ఎందరు మనుష్యులు వెనుదిరిగి పోయిరో గూడ లెక్కింపవలసియున్నది. మొదటి లెక్కను యంత్రము తనంతట తానే చూపును. రెండవది, ఎవరైనను పూనుకొని అడిగిననేగాని, ఏ పట్టికలోను కనబడదు.